ఈశాన్యం మూల అద్దం

నాజియాకు గోడలంటే భయం. అంత భయమున్న పిల్ల పోయి పోయి బిల్డింగులు గీసే చదువే ఎందుకు చదివిందని ఎవరైనా అడిగితే, "తెలీకుండా భయపడేదానికన్నా తెలుసుకొని భయపడదామని" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ అది నవ్వులాటకు అన్న మాట కాదు.

వాళ్ళ అబ్బా ఫకృద్దీన్‌కు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో పటాలు కట్టే అంగడి ఉంది. యాత్రికులు వేంకటేశ్వరస్వామి పటం కొనుక్కొని వస్తే అద్దం కోసి, చెక్క బిగించి ఇస్తాడు. ఇల్లు మాత్రం ఊరి దిగువన, వాన పడితే నీళ్ళన్నీ వచ్చి చేరే సందులో ఉండేది. నాజియా పదో తరగతి చదివేటప్పుడు ఒక నవంబరులో వాన పట్టుకొని వదల్లేదు. వాళ్ళమ్మ బషీరా వెనక గోడకు ఆనుకొని కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి పోయింది. గోడ వచ్చి చేట మీద పడింది. ముందుగా ఒక చప్పుడు లేదు, ఒక పెళ్ళ రాలింది లేదు. కింద నీళ్ళు తాగి తాగి, ఊరికే కూర్చుండిపోయింది. తడిసిన మట్టిలోంచి తెల్లగా బియ్యం కనిపిస్తూ ఉంటే నాజియా చూసింది. గోడ పడేముందు అరవదని ఆ రోజు తెలిసింది ఆ పిల్లకు.

తర్వాత చదివింది, పాసైంది, బాలసుబ్రమణ్యం సారు ఆఫీసులో చేరింది. ఆయన పెద్ద పెద్ద హోటళ్ళ జోలికి పోడు. బడులు, అంగన్‌వాడీలు, సంఘం భవనాలు, అదీ సిమెంటు తక్కువ, మట్టి ఎక్కువ పెట్టి కట్టేవి గీస్తాడు. "ఎండకు ఏసీ అక్కర్లేని బిల్డింగు, జనం తమదే అనుకునే బిల్డింగు, ఈ రెండూ వస్తే చాలమ్మా" అనేవాడు. అట్లా వచ్చిందే శేషాచలం కొండల కింద చింతలచేను కాలనీలో సంఘం ఇల్లు. నాజియా చేతికి మొత్తంగా అప్పగించిన మొదటి పని అది.

ఆమె కాగితం ముందేసుకొని కూర్చోలేదు. వేసవిలో పోయి కాలనీ అరుగుల మీద కూర్చుంది. ఆడవాళ్ళు చింతపండు కొట్టి గింజ తీస్తుంటే తనూ ఒక రాయి తీసుకొని కొట్టింది. ఏం కావాలని అడిగింది. చింతపండు కొట్టుకునేదానికి నీడ కావాలన్నారు. పిల్లోళ్ళకు అంగన్‌వాడి కావాలన్నారు. కొండ నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చిన రోజు పోయి కూర్చునేదానికి ఎత్తుగా ఒక చోటు కావాలన్నారు. అన్నీ గీసింది. చుట్టూ వెడల్పాటి అరుగు. నడుమెత్తు పునాది. ఆడనే తవ్విన మట్టిని మిషన్‌లో అదిమి, కాల్చకుండా ఆరబెట్టిన ఇటుకలు. గాలి ఆడేదానికి చిల్లుల గోడ. పైకప్పు నీళ్ళన్నీ గొట్టంలో దిగి ఒక ఇంకుడు గుంతలోకి పోవాలి. ఆ కాలనీ బోర్లన్నీ ఎండిపోయి ఉన్నాయి మరి.

ఆ గుంత దగ్గరే తగులుకుంది. నాజియా దాన్ని పడమటి పక్క, రాతినేలలో పెట్టింది. తిరుమలయ్య ఒప్పుకోలేదు. కొండ మీద అంగట్లో ముప్పావు జీవితం పనిచేసి దిగొచ్చిన పెద్దాయన, కాలనీలో ఆయన మాటకు విలువ.

"నీళ్ళు ఈశాన్యంలో ఉండాలమ్మణ్ణీ. పడమట్లో గుంత తీస్తే పిల్లోళ్ళుండే ఇల్లు నిలబడతాదా?"

"ఈశాన్యం మూల పాత వంక పారిన చోటు తాతా. పూడ్చిన మన్ను అది."

"పూడ్చి ఎన్నేండ్లాయ! గట్టిపడిపోలా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నాజియా ముఖంకేసి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అన్నదానికన్నా అదే ఎక్కువ భయం పుట్టించింది ఆమెకు. వాస్తు వద్దంటే, తురకోళ్ళ పిల్ల కాబట్టి వద్దంటోందని ఒక్కరి నోట వచ్చినా చాలు, ఆ ఇంట్లో ఒక్క కాలు కూడా పెట్టరు. జనం తమదే అనుకోవాలన్నాడు కదా సారు. పునాది కొంచెం లోతుగా తీయించి, గుంతను ఈశాన్యంలోనే గోడకు నాలుగడుగులు ఎడంగా పెట్టి, సరేనంది. సారు కూడా బొమ్మ చూసి సంతకం పెట్టాడు.

ఇల్లు బాగా వచ్చింది. ఎర్రగా, చల్లగా. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను లేకుండా పిల్లలు నిద్రపోయారు. అంగన్‌వాడి ఆయా భారతమ్మ దాన్ని సొంతిల్లు మాదిరి చూసుకొనేది. తెల్లారేసరికి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి ఉంచేది.

ఆడికృత్తిక పండగ దాటినాక తొలి వానలు పడ్డాయి. తర్వాత ఒకరోజు నాజియా పోతే ఈశాన్యం మూల గోడ మీద వెంట్రుక మందాన ఒక గీత కనబడింది. కిటికీ పైనుంచి కప్పు దిక్కుకు ఏటవాలుగా పోతోంది. ఫోన్లో ఫొటో పంపితే సారు, "కొత్త గోడ, ఆరేటప్పుడు ఇట్లాంటివి మామూలే. అయినా అద్దం పెట్టి చూడు" అన్నాడు.

అద్దం పెట్టడమంటే ఇంతే. పల్చని గాజు ముక్కను చీలికకు అడ్డంగా పెట్టి, రెండు కొసలా సున్నపు ముద్దతో అతికిస్తారు. గోడ కదలకుంటే గాజు అట్లే ఉంటుంది. చీలిక పిసరంత విడినా గాజు పటుక్కున విరుగుతుంది. అరవని గోడకు నోరు పెట్టినట్టు. నాజియా అబ్బా అంగట్లో కోసి మిగిలిన ముక్క తెచ్చి, పిల్లలకు అందని ఎత్తులో అతికించింది.

భారతమ్మ కింద నిలబడి చూస్తూ, "అది ఎందుకు పాపా?" అంది.

నాజియాకు నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఈమె అంగన్‌వాడికి బిడ్డను పంపే లోకేశ్వరికి చెబుతుంది, లోకేశ్వరి కాలనీకంతా చెబుతుంది. ఆ లోకేశ్వరి బిడ్డ అక్కడే ఆడుకుంటోంది, ఆమె నోరు మామూలు నోరు కాదు. మట్టిల్లు పడిపోతుందట అని ఒక మాట లేస్తే అంతటితో సరి.

"ఏం లేదక్కా. కొలతకు" అంది.

అక్కణ్ణుంచి ఆమె బతుకంతా ఆ గాజు ముక్క చుట్టూ తిరిగింది. ఆఫీసుకు పోయేముందు స్కూటీని చింతలచేను మీదుగా తిప్పుకొనేది. వాకిట్లోంచే తలెత్తి చూసేది. గాజు తళుక్కుమంటే ఊపిరి వదిలేది. వాన పడిన రోజు అన్నం దిగేది కాదు. బషీరా, "ఏమే, ఎవర్నయినా ప్రేమించినావా? ఇట్లా చిక్కిపోతున్నావు" అని కూడా అడిగింది. కొన్నాళ్ళకు గోడమీది గీత సన్నబడినట్టు కూడా అనిపించింది. దగ్గరికి పోయి చూడాలనుకుంది. పోలేదు. బాగుందని నమ్మాలని ఉన్నప్పుడు మనిషి దూరం నుంచే చూస్తాడు.

నవంబరులో వాయుగుండం పట్టింది. ఒక పొద్దున ఆకాశం మూసుకొని, కొండలు కనబడకుండా పోయి, ఆగకుండా పోసింది. నాజియా రెయిన్‌కోటు వేసుకొని చింతలచేనుకు చేరేసరికి వీధుల్లో మోకాటి లోతు ఎర్రనీళ్ళు. కాలనీ అంతా సంఘం ఇంట్లో ఉంది. ఆమె గీసిన బొమ్మలో ఎట్లా ఉందో అట్లే. ముసలోళ్ళు గోడలకు ఆనుకొని కూర్చున్నారు. పసిబిడ్డలకు చీరల ఉయ్యాలలు కట్టారు. ఒక మూల కోళ్ళు గంప కింద. భారతమ్మ పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతోంది.

"రామ్మా రా, మహాతల్లీ!" అని తిరుమలయ్య కేకేశాడు. "నువ్వు కట్టకపోయింటే ఈ పొద్దు అందరం ఇంటి కప్పులెక్కి కూర్చోవాల."

లోకేశ్వరి బిడ్డను చంకలో వేసుకొని నవ్వింది. "మట్టిల్లంటే నేనూ ఎగతాళి జేసినా గానీ, సుక్క కారలే సూడు."

నాజియాకు ఆ మాటలు చెవిన పడలేదు. అన్ని చోట్ల కన్నా ఈశాన్యం మూలనే ఎక్కువ మంది కూర్చొని ఉన్నారు. అది వాకిలికి దూరం, జల్లు రాదని. ఆమె పిల్లల బల్ల ఒకటి లాగి, ఎక్కి, గాజు దగ్గరికి ముఖం పెట్టింది.

గాజులోంచి ఆమె ముఖమే ఆమెను చూసింది.

తడిసిన జుట్టు, పాలిపోయిన పెదవులు, పెద్దవైన కళ్ళు. అద్దాలంగడి వాడి కూతురు, ఆమెకు తెలీదా? తను పెట్టింది పటాలకు వేసే గాజు, అందులోంచి గోడ కనబడుతుంది. ఇది ముఖం చూసుకొనే అద్దం. కింద గోడ మీద వేలు పెట్టి రుద్దింది. ఎర్రమన్ను పొరగా ఊడొచ్చింది. లోపల చీలికలో చిటికెన వేలు దూరింది.

"భారతమ్మక్కా." వేలు వెనక్కి తీసుకుంది. "ఈ అద్దం ఎవరు పెట్టినారు?"

"అదా! నేనే పెట్టినా" అంది భారతమ్మ, గరిటె ఆపకుండానే. "నీది పగిలిపాయ కదా వినాయకచవితి వానకు. పిల్లోళ్ళు తిరిగే ఇంట్లో పగిలిన అద్దం ఉండచ్చునా? అరిష్టం. తీసి పారేసి, అంగట్లో ఇంగొకటి కోయించుకొచ్చి పెట్టినా. దసరా అప్పుడు అదీ పగిలె. సరే గట్టిది పెడదామని, గుడికాడ జేబు అద్దం కొని, రేకు ఊడబెరికి అతికిచ్చినా. ఆ గీతకు కూడా మా ఇంటికి మాదిరే ఎర్రమన్ను పూసినా. బాగుండ్లా?"

అంటే రెండుసార్లు అరిచింది గోడ. ఎవరో ప్రేమగా దాని నోరు మూశారు.

"నాకు చెప్పకూడదాక్కా?" అంది నాజియా. అది అడగడం కాదు, ఏడుపు.

భారతమ్మ గరిటె అప్పుడు ఆగింది. "నువ్వు మాత్రం నాకు జెప్పినావా పాపా, అది ఎందుకు పెట్టినావో?"

వాన పైకప్పు మీద మోగుతోంది. గొట్టంలో నీళ్ళు దబదబా దిగి ఆ గోడ పక్కనే, ఆ గుంతలోకే పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అద్దం మీద చూపు నిలిపి ఉండగానే దాని కింది కొసన సన్నగా ఒక పగులు గీత పాకింది. చీమ నడిచినంత మెల్లగా. నాజియాకు చేటలో బియ్యం గుర్తొచ్చింది.

బల్ల దిగింది. "అందరూ బయటికి పోవాల. ఇప్పుడే. రోడ్డు మీద కల్యాణమండపం ఉంది కదా, ఆడికి" అంది. ఎవరూ కదల్లేదు. విన్నవాళ్ళు నవ్వారు.

"ఈ వానలోనా? పిచ్చి పట్టిందా ఏమ్మే?" అంది లోకేశ్వరి. "ఇప్పుడే కదా నా బిడ్డకు తల తుడిచినా."

"ఉప్మా తినేసి పోదాంలే" అన్నారెవరో.

"తాతా, మీరన్నా చెప్పండి."

తిరుమలయ్య గడ్డం గోక్కున్నాడు. "ఏమయింది సెప్పకుండా లెయ్యమంటే ఎట్లమ్మా?"

అప్పుడు ఆమె అరిచింది. పుట్టి బుద్ధెరిగాక అట్లా అరవలేదు. "ఈ గోడ పడిపోతుంది! కట్టింది నేను. నేను చెబుతున్నా, పడిపోతుంది!"

నవ్వులు ఆగాయి. అయినా లేవలేదు. కట్టినామే తను కట్టింది పడిపోతుందంటే నమ్మాలా, పట్టుకొని కూర్చోబెట్టాలా వాళ్ళకు తెలీలేదు. భారతమ్మ ఒక్కతే నాజియా ముఖాన్ని చూసింది, పైన అద్దాన్ని చూసింది. గరిటె గిన్నెలో పడేసి, తిన్నగా పోయి లోకేశ్వరి చంకలోంచి బిడ్డను లాక్కొని వాకిట్లోకి నడిచింది.

"ఓసి ముండా! నా బిడ్డను యాడికి ఎత్తకపోతాండావు?" లోకేశ్వరి వెంటబడి పరిగెత్తింది. ఆమె అత్త ఆమె వెంట. ఉయ్యాలలోని బిడ్డల తల్లులకు అప్పుడు భయం అంటుకుంది. ఒకరు లేస్తే పక్కవాళ్ళు లేచారు. తోసుకొన్నారు, తిట్టుకొన్నారు, కోళ్ళగంప దొర్లింది. నాజియా ఈశాన్యం మూలన నిలబడి ఒక్కొక్కరినీ చేయి పట్టి లేపింది. వీపు వెనక గోడ ఉందని ప్రతి క్షణం తెలుస్తూనే ఉంది. అందరూ పోయాక చివరగా ఆమె బయటపడి, వానలో వెనక్కి తిరిగి చూసింది.

ఇల్లు నిలబడే ఉంది.

ఆ రోజంతా నిలబడే ఉంది. మర్నాడు వాన వెలిసి, ఎండ వచ్చి, కొండలు కడిగినట్టు కనబడ్డాయి. ఇల్లు కూడా ఎర్రగా, చక్కగా, కడిగినట్టే ఉంది.

"యాడ పడింది? సూపించు" అంది లోకేశ్వరి. తడిసి బిడ్డకు జ్వరం. "నా బిడ్డకేమన్నా అయితే నీ ఆఫీసుకొచ్చి కూర్చుంటా నేను."

బాలసుబ్రమణ్యం సారు వచ్చాడు. కారు దిగుతూనే, "ముందు నాకు ఫోన్ చేసి ఉండాల్సింది కదమ్మా. ఇంక ఈ ఊళ్ళో మట్టి ఇటుక అంటే ఎవడు దగ్గరికి రానిస్తాడు?" అన్నాడు. నాజియా ముందు లోపల కప్పుకు ఆనుగా సవక కట్టెలు నిలబెట్టించి, తర్వాత మేస్త్రీలను పిలిచి, గుంతకూ గోడకూ మధ్య మెల్లగా తవ్వించింది. కాలనీ అంతా చుట్టూ నిలబడి చూసింది. తవ్వుతూ ఉంటే గడ్డపార ఒకచోట పట్టు లేకుండా లోపలికి జారింది.

పునాది కింద మన్ను లేదు. గుంతలో నిండిన నీళ్ళు పాత వంక దోవ పట్టుకొని పూడ్చిన మన్నును మెత్తగా ఈడ్చుకుపోయాయి. నాజియా నేల మీద పడుకొని చేయి పెట్టింది. చేయి భుజందాకా పోయింది. వేళ్ళకు చల్లని గాలి తగిలింది, ఏమీ తగల్లేదు. ఆ మూల గోడ, దాని మీది కప్పు, అంత బరువూ ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండటం వల్ల మాత్రమే ఆగి ఉంది.

భారతమ్మ కూడా వంగి చేయి పెట్టింది. తీశాక ఆ చేతిని కొంగుతో తుడుచుకొని, తుడుచుకొని, తుడుస్తూనే ఉండిపోయింది. తిరుమలయ్య గుంతకేసి చూశాడు. ఈశాన్యం మాట ఎత్తలేదు. నాజియా కూడా ఎత్తలేదు. వద్దని తెలిసి సరేనన్నది తనే కదా.

గుంతను పడమటికి మార్చారు. బోలు పోయినంత మేరా రాళ్ళూ కాంక్రీటూ దించారు. చీలికకు అడ్డంగా ఇనుప కమ్ములేసి కుట్టారు. సారే దగ్గరుండి రెండుసార్లు చూసి ఇంక భయం లేదన్నాడు. అయినా పిల్లలు రాలేదు. భారతమ్మ పొద్దున్నే ముగ్గేసి, ఖాళీ బల్లల మధ్య కూర్చొని ఉండేది. ఇట్లాగే ఉంటే అంగన్‌వాడిని వేరే అద్దె గదికి మార్చేస్తామని పైనుంచి మాట వచ్చింది.

నాజియా తల్లుల దగ్గరికి పోయింది. లోకేశ్వరే బదులిచ్చింది. "మాకు కాంక్రీటు సంగతి తెలీదు. వాన పడేటప్పుడు నువ్వు పోయి ఆ మూల కింద కూర్చో. మేం సూస్తాం. వాన నిలిచిందాకా కూర్చుంటే అప్పుడు పంపిస్తాం."

"అదేం మాటమ్మే" అన్నాడు తిరుమలయ్య.

"ఏం తాతా? మా బిడ్డలు కూర్చోవచ్చు, కట్టినామె కూర్చోకూడదా?"

అది న్యాయమే అనిపించింది నాజియాకు. సరేనంది. ఇంటికి పోయి అబ్బాను గాజు ముక్క కోసివ్వమంది. ఏ పటానికని అడిగితే ఉన్నదంతా చెప్పింది, మొదటిసారి. ఫకృద్దీన్ ఉన్నవాటిలోకి పల్చని గాజు ఏరి, గీత గీసి, విరిచి, అంచులు రుద్ది ఇచ్చాడు. "పగలాల్సిన అద్దం ఎప్పుడూ కొయ్యలేదు బేటీ" అన్నాడు.

దాన్ని అతికించేటప్పుడు భారతమ్మను బల్లెక్కించి దగ్గర నిలబెట్టుకుంది. "ఇది పగిలిందంటే గోడ కదిలిందని అర్థం. తియ్యకూడదు. పూయకూడదు. పిల్లోళ్ళను ఎత్తుకొని బయటికి పరిగెత్తి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి."

"అరిష్టమని తీసి పారేసినా గదా పాపా" అంది భారతమ్మ. ఆ ముక్కను తాకేందుకు కూడా చేయి రాలేదు ఆమెకు.

డిసెంబరులో మళ్ళీ మబ్బు పట్టింది. మధ్యాహ్నం అన్నాల వేళకు వాన మొదలైంది, చూస్తుండగా ముదిరింది. నాజియా చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పోయి, ఈశాన్యం మూలన గోడకు వీపు ఆనించి కూర్చుంది. తల్లులు ఎదురింటి పంచలో వరసగా నిలబడ్డారు. గొట్టంలో నీళ్ళు దిగుతున్నాయి, ఈసారి పడమటి పక్కన. అయినా ఆమెకు చప్పుడు తన వీపు వెనకే వినిపించింది. వాళ్ళమ్మ కూడా ఇట్లాగే కదా కూర్చొని ఉండింది, గోడకు ఆనుకొని. లేచి పోదామని కాళ్ళు చెబుతున్నాయి. లెక్కలన్నీ మనసులో మళ్ళీ వేసింది, అన్నీ సరిపోయాయి. పాత లెక్కలు కూడా సరిపోయినవే. తలెత్తితే గాజు, గాజులోంచి గోడ. కళ్ళార్పితే ఆ లోపల పగులుతుందేమోనని ఆర్పకుండా చూసింది.

వాకిట్లో తడి అడుగుల చప్పుడైంది. భారతమ్మ. చేతిలో చింతపండు బుట్ట, రాయి.

"నువ్వెందుకక్కా? పో బయటికి."

"ఊరుకో. ఇద్దరం మూసిపెట్టినాం, ఒక్కదానివే కూర్చుంటావా?" అని పక్కన చతికిలబడింది. రాయి తీసుకొని చింతకాయ మీద కొట్టబోయి, గోడ అదురుతుందేమోనని ఆపి, వేళ్ళతోనే పెచ్చు వలిచింది. నాజియా కూడా ఒక కాయ తీసుకుంది.

చీకటి పడకముందే వాన తెరిపిచ్చింది. పంచలోంచి లోకేశ్వరి రోడ్డు దాటి వచ్చింది, వాకిట్లో నిలబడి ముందు ఈ ఇద్దర్నీ, తర్వాత పైన గాజునూ చూసింది. బిడ్డను చంక దింపలేదు. కానీ గడప దాటి ఒక అడుగు లోపల పెట్టింది.

"పగల్లేదా?" అంది.

"ఈ పొద్దుకు పగల్లేదు" అంది నాజియా. "రేపు మళ్ళీ చూడాల. నువ్వూ వచ్చి చూడు."